కనపడని డీ డ్రైవ్: చీమకుర్తి గ్రానైట్ యూనిట్‌లో ఒక బ్యాచ్ ఫైలు కేసు

నేపథ్యం

ఒంగోలులో ఉండి చుట్టుపక్కల చిన్న ఆఫీసుల కంప్యూటర్లు ఏడాది ఒప్పందం మీద చూస్తుంటాను. ఈ కేసు చీమకుర్తి దగ్గర గ్రానైట్ పలకలు కోసి పాలిష్ పట్టే ఒక యూనిట్‌ది. యూనిట్ పేరు, మనుషుల పేర్లు వదిలేశాను. ఫోల్డర్ల పేర్లు, బ్లాకు నంబర్లు మార్చాను. స్క్రిప్టులోని (వరసగా నడవాల్సిన కమాండ్లు రాసిపెట్టిన చిన్న ఫైలు, బ్యాచ్ ఫైలు అంటే ఇదే) తప్పులను మాత్రం ఉన్నవి ఉన్నట్టే చెబుతున్నాను. ఇలాంటి స్క్రిప్టే ఇంకా చాలా ఆఫీసుల్లో నడుస్తూ ఉంటుందని నా నమ్మకం.

ముందు అక్కడి పని తీరు చెప్పాలి. క్వారీ నుంచి వచ్చిన ప్రతి బ్లాకుకీ ఒక నంబరు ఉంటుంది. దాన్ని పలకలుగా కోసి, పాలిష్ పట్టి, బండిళ్లు కట్టి యార్డులో నిలబెడతారు. ఇక్కడ దొరికే బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ రాయిలో బంగారు రంగులో మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల వస్తాయి. అవి ఒక బ్లాకులో దట్టంగా, ఇంకో బ్లాకులో పలచగా పడతాయి. అందుకే కొనేవాళ్లు బ్లాకు నంబరు చెప్పి ముందు ఫోటో అడుగుతారు. ఫోటో దొరక్కపోతే గ్యాంట్రీ క్రేన్‌తో బండిల్ విప్పించాలి, పలకను కడిగి తుడిపించాలి, దాంట్లో ఆకాశం ప్రతిబింబం పడకుండా అడ్డం పెట్టి మళ్లీ తీయాలి. ఒక్క ఫోటో కోసం నలుగురు మనుషులు పని ఆపుకోవాలన్నమాట.

ఫోటోలు నాలుగు చోట్ల ఉన్నాయి. డిస్పాచ్ క్లర్కు కంప్యూటర్‌లో సీ డ్రైవ్ మీద ప్రస్తుత స్టాకు, అదే కంప్యూటర్ డీ డ్రైవ్ మీద అంతకుముందు సంవత్సరాలవి ఉంటాయి. ఎఫ్ అక్షరంతో వచ్చే యూఎస్‌బీ హార్డ్ డిస్కు ఒకటి. జెడ్ అక్షరం తగిలించి డ్రైవ్‌లా కనపడేలా చేసిన (మ్యాప్ చేసిన) నెట్‌వర్క్ స్టోరేజీ పెట్టె ఇంకొకటి. మునుపు పనిచేసి మానేసిన కంప్యూటర్ ఆపరేటర్ ఈ నాలుగింట్లోని ఫైళ్ల పేర్లన్నీ ఒకే టెక్స్ట్ ఫైలులోకి తెచ్చే బ్యాచ్ ఫైలు రాసిపెట్టి, రోజూ రాత్రి తొమ్మిదింటికి నడిచేలా విండోస్‌లో చెప్పిన వేళకి పని నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టి వెళ్లాడు. క్లర్కు పొద్దున్నే ఆ ఫైలు తెరిచి పెట్టుకుంటాడు. ఎవరు ఫోన్ చేసినా కంట్రోల్ ఎఫ్ నొక్కి నంబరు వెతికి ఉందనో లేదనో చెప్పేస్తాడు. ఆలోచన మంచిదే, ఆ ఆపరేటర్‌ని తప్పుపట్టను.

సమస్య ఎలా బయటపడింది

చెన్నై ఏజెంటు ఒకాయన ఒక పాత బ్లాకు ఫోటోలు అడిగాడు. జాబితాలో నంబరు రాలేదు. లేవని చెప్పి, బండిల్ విప్పించి మళ్లీ తీశారు. తర్వాత ఇంకేదో వెతుకుతుంటే అవే ఫోటోలు డీ డ్రైవ్‌లో కనపడ్డాయి. యజమాని నాకు ఫోన్ చేసి హార్డ్ డిస్కు పాడవుతున్నట్టుంది, చూడమన్నాడు.

వెళ్లి జాబితా తెరిచాను. బ్లాకు నంబర్ల మధ్య డీఎల్ఎల్ ఫైళ్ల (ప్రోగ్రాములు నడవడానికి వాడుకునే ఫైళ్లు, ఫోటోలు కావు) పేర్లు వేలకొద్దీ ఉన్నాయి. అన్నీ విండోస్ సిస్టమ్ 32 ఫోల్డర్‌వి. పైగా ఆ గుంపంతా రెండుసార్లు వచ్చింది.

"ఇవి ఎప్పటినుంచి వస్తన్నయి?" అని క్లర్కుని అడిగాను.

"ఏప్రిల్ నుంచి అనుకుంటా అన్నా. ఫైలు బాగా పెద్దదైంది గదా, సరిగ్గానే పనిచేస్తందిలే అనుకున్నా. అంతకుముందు కూడా సీ డ్రైవ్‌వి రెండేసిసార్లు వచ్చేయి. బ్యాకప్ అయ్యుంటదనుకున్నా."

హార్డ్ డిస్కు మాట అక్కడితో పక్కన పెట్టాను. పాడైపోతున్న డిస్కు ఫైళ్లను చూపించడానికి మొరాయిస్తుంది గానీ, వేరే ఫోల్డర్‌ని తెచ్చి రెండుసార్లు రాయదు. ఇది స్క్రిప్టు ఎక్కడ నిలబడి చూస్తోందో అన్న దగ్గర జరిగిన తేడా.

అంతకుముందు చేసి చూసినవి

బీటెక్ చదివే చుట్టాలబ్బాయి ఒకడు వచ్చి స్క్రిప్టుని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ పెట్టి నడిపాడట. అప్పటిదాకా చేత్తో నడిపినప్పుడు వస్తూ ఉన్న జెడ్ డ్రైవ్ కూడా పోయింది. అధికారం పెంచితే కనపడాల్సింది మాయమవడం వాళ్లకు వింతగా తోచింది. నాకు మాత్రం అది చాలా పనికొచ్చే సమాచారం.

స్క్రిప్టుని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. సీ డ్రైవ్‌లోని స్టాకు ఫోల్డర్‌కి సీడీ (ఫోల్డర్ మార్చే) కమాండుతో వెళ్లి డిర్ (ఫైళ్ల జాబితా ఇచ్చే కమాండు) కొట్టడం, డీ డ్రైవ్‌లోని గెలాక్సీ ఫోల్డర్‌కి సీడీతో వెళ్లి మళ్లీ డిర్ కొట్టడం, తర్వాత ఎఫ్‌కి, జెడ్‌కి నేరుగా అక్షరం చెప్పి డిర్ కొట్టడం. ప్రతి వరసకీ చివర ఎర్రర్లను నల్‌కి, అంటే ఎవరికీ కనపడకుండా పారేసే చోటికి, మళ్లించే ముక్క తగిలించి ఉంది. అది ఎందుకు పెట్టాడో ఊహించొచ్చు. డ్రైవ్ మొత్తం చదివితే సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ ఫోల్డర్ దగ్గర యాక్సెస్ డినైడ్ అని వస్తుంది. దాన్ని పోగొట్టడానికి టాస్కులో హయ్యెస్ట్ ప్రివిలేజెస్ (అడ్మినిస్ట్రేటర్ అధికారంతో నడిపించే టిక్కు) పెట్టి చూసుంటాడు. ఆ ఫోల్డర్ మామూలుగా సిస్టమ్ ఖాతాకే తెరుచుకుంటుంది, అడ్మినిస్ట్రేటర్‌కి కూడా కాదు. పోలేదు కాబట్టి ఎర్రర్ల నోరు నొక్కేశాడు. టిక్కు మాత్రం అలాగే ఉండిపోయింది.

మొదటి నిర్ణయం: బాగుచేయకుండా మాట్లాడించడం

చూడగానే సీడీ దగ్గర తప్పు తెలుస్తూనే ఉంది. అయినా దాన్ని వెంటనే దిద్దలేదు. ఒకటి దిద్దితే జాబితా మారుతుంది. అప్పుడు మిగతా తేడాల్లో ఏది దేనివల్ల వచ్చిందో విడదీయలేం. కాబట్టి స్క్రిప్టుకి ఒక నకలు తీసి, నల్‌కి మళ్లించే ముక్కలన్నీ తీసేసి, ఎర్రర్లు వేరే ఫైలులో పడేలా చేశాను. ప్రతి డిర్‌కి ముందు ప్రస్తుత ఫోల్డర్ పేరు అచ్చయ్యేలా ఒక వరస చేర్చాను. ఆ నకలుని డబుల్ క్లిక్ చేసి, కమాండ్ విండోలోంచి, టాస్క్ షెడ్యూలర్ ద్వారా విడివిడిగా నడిపి ఫలితాలు పక్కపక్కన పెట్టాను.

మూడింటికీ పొంతన లేదు. ఒకే స్క్రిప్టు, ఒకే కంప్యూటర్, ఒకే మనిషి. ఎక్కణ్ణుంచి మొదలైందన్నదే తేడా. డబుల్ క్లిక్ చేస్తే బ్యాచ్ ఫైలు ఉన్న ఫోల్డర్‌లో మొదలవుతుంది. టాస్కులో స్టార్ట్ ఇన్ గడి ఖాళీగా వదిలేస్తే సిస్టమ్ 32లో మొదలవుతుంది.

డీఎల్ఎల్‌ల సంగతి ఇక్కడే తేలింది. ఏప్రిల్‌లో కొత్త ఆర్థిక సంవత్సరం రాగానే క్లర్కు స్టాకు ఫోల్డర్ పేరు చివర సంవత్సరం చేర్చాడు. పాత పేరుతో సీడీ కొడితే అది విఫలమైంది. ఎర్రర్ నల్‌లోకి పోయింది. స్క్రిప్టు ఆగకుండా తాను నిలబడ్డ చోటే, అంటే సిస్టమ్ 32లోనే, డిర్ కొట్టింది.

డీ డ్రైవ్ ఎందుకు రాలేదు

ఈ తప్పు ఎర్రర్లు బయటపెట్టినా దొరకదు, ఎందుకంటే ఇక్కడ ఎర్రరే రాదు.

విండోస్ కమాండ్ విండోలో ఒక్కో డ్రైవ్‌కీ ఒక్కో ప్రస్తుత ఫోల్డర్ గుర్తుంటుంది. 1983లో ఎంఎస్ డాస్ రెండో వెర్షన్‌తో ఫోల్డర్లు వచ్చాయి. అప్పటి అలవాటు ఇప్పటికీ పోలేదు. నాలుగు నోటు పుస్తకాల్లో నాలుగు చోట్ల రిబ్బన్ పెట్టుకున్నట్టు అనుకోండి. సీ పుస్తకం చేతిలో ఉండగా డీ పుస్తకంలో రిబ్బన్ జరిపితే జరుగుతుంది. చేతిలో ఉన్న పుస్తకం మాత్రం సీ పుస్తకమే. డీలోని గెలాక్సీకి సీడీ అనగానే కమాండు విజయవంతంగా ముగిసింది, డీ తాలూకు ప్రస్తుత ఫోల్డర్ మారింది. కానీ ప్రస్తుత డ్రైవ్ సీగానే ఉంది. తర్వాతి వరసలో ఉత్త డిర్ కొట్టగానే మళ్లీ సీ జాబితానే వచ్చింది. రెండుసార్లు రావడానికి కారణం అదే. క్లర్కు బ్యాకప్ అనుకున్నది డీ ఫోటోలు ఉండాల్సిన జాగా.

దీని మందు తెలిసిందే. సీడీకి స్లాష్ డీ చేరిస్తే డ్రైవ్ కూడా మారుతుంది. నేను అది కూడా వాడలేదు. సీడీ విఫలమైతే తర్వాతి డిర్ ఏదో ఒక చోట నడుస్తూనే ఉంటుంది, ఏప్రిల్‌లో జరిగింది అదే కదా. ఎక్కడికీ వెళ్లకుండా పూర్తి దారిని డిర్‌కే ఇస్తే, ఆ దారి లేనప్పుడు దొరకలేదని చెప్పి ఊరుకుంటుంది, వేరేదాన్ని చూపించదు. డ్రైవ్ అక్షరం, కోలన్ తర్వాత బ్యాక్‌స్లాష్ తప్పనిసరి. అది లేకుండా డిర్ డీ కోలన్ అంటే డీ డ్రైవ్ మొత్తం అని కాదు, డీలో రిబ్బన్ ఎక్కడుంటే అక్కడ అని. ఈ బ్యాక్‌స్లాష్ మీద నేను కొంచెం చాదస్తంగా ఉంటాను. విండోస్‌లోనే ఉండే కొత్త తరం కమాండ్ విండో పవర్‌షెల్‌లో కూడా ఇదే నియమం.

జెడ్ డ్రైవ్: పనిచేయని మందులు

మామూలు కమాండ్ విండోలో నెట్ యూజ్ (మ్యాప్ చేసిన డ్రైవ్‌లు చూపే కమాండు) కొడితే జెడ్ కనపడింది. అడ్మినిస్ట్రేటర్ విండోలో కొడితే లేదు. విస్టా కాలం నుంచి విండోస్ అడ్మినిస్ట్రేటర్ మనిషికి రెండు టోకెన్లు (ఏమేం చేయొచ్చో చెప్పే గుర్తింపులు) ఇస్తుంది, ఒకటి మామూలుది, ఒకటి అధికారంతో కూడినది. మ్యాప్ చేసిన డ్రైవ్ అక్షరాలు ఒకదానివి ఇంకోదానికి కనపడవు. ఆ అబ్బాయి చేసిన పనికి జెడ్ ఎందుకు పోయిందో, హయ్యెస్ట్ ప్రివిలేజెస్ టిక్కు ఉన్న టాస్కులో ఎందుకు లేదో ఒకే కారణం చెబుతోంది.

రెండు టోకెన్లకూ మ్యాపింగులు కనపడేలా చేసే రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) సెట్టింగు ఒకటుంది. వద్దనుకున్నాను. రేపు ఈ కంప్యూటర్ ఫార్మాట్ చేస్తే ఆ సెట్టింగు పోతుంది, అది ఉండేదని కూడా ఎవరికీ గుర్తుండదు. స్క్రిప్టు ఆరోగ్యం స్క్రిప్టు బయట ఉన్న ఒక రహస్యం మీద ఆధారపడకూడదు. బదులుగా అక్షరాన్ని వదిలేసి, రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యే నెట్‌వర్క్ దారినే వాడాను. కమాండ్ విండో అలాంటి దారిలోకి సీడీతో వెళ్లనివ్వదు. పుష్‌డీ అనే ఇంకో కమాండు వెళ్లనిస్తుంది, కానీ దానికోసం జెడ్ నుంచి వెనక్కి ఖాళీగా ఉన్న ఒక అక్షరాన్ని తాత్కాలికంగా తీసుకుంటుంది. స్క్రిప్టు మధ్యలో ఆగిపోతే ఆ అక్షరం తిరిగి రాకుండా ఉండిపోవచ్చు. డిర్‌కి ఆ బాధ లేదు, నెట్‌వర్క్ దారిని నేరుగా తీసుకుంటుంది.

క్లర్కు సాయంత్రం లాగాఫ్ చేసి వెళ్తాడు కాబట్టి, లాగిన్‌లో ఉన్నా లేకున్నా నడిచేలా పాస్‌వర్డ్ ఇచ్చి టాస్కు పెట్టాను. పగలు నడిపితే అన్నీ వచ్చాయి. రాత్రి నడిచినదాంట్లో నెట్‌వర్క్ పెట్టె లేదు.

ఇలాంటప్పుడు అందరం ముందు అనుమతుల మీద పడతాం. అంతకన్నా ముందు ఎర్రర్ చదవాలి. యాక్సెస్ డినైడ్ అంటే అది ఎర్రర్ 5. పెట్టె దాకా వెళ్లాం, లోపలికి రానివ్వలేదు. ఇక్కడ వచ్చింది నెట్‌వర్క్ పాత్ దొరకలేదని చెప్పే ఎర్రర్ 53. అంటే గుమ్మం దాకా కూడా వెళ్లలేదు. అనుమతులు ఎంత తడిమినా లాభం లేదు. వాచ్‌మన్‌ని అడిగితే విషయం ఒక్క ముక్కలో తేలిపోయింది. ఎనిమిదిన్నరకి ఆఫీసు గది మెయిన్ ఆపేస్తాడు. కంప్యూటర్ ఉన్న వరస వేరే స్విచ్ మీద ఉంది. స్టోరేజీ పెట్టె ఉన్న మూల మెయిన్ మీద ఉంది. స్క్రిప్టు రాసిన రోజు నుంచీ రాత్రి జాబితాలో జెడ్ లేదన్నమాట, రెండు కారణాలుగా.

వైరింగు మార్పించొచ్చు. కానీ రాత్రే నడవాలని ఎవరు పెట్టారు? మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసు ఖాళీగా ఉంటుంది, కరెంటు ఉంటుంది, క్లర్కు లాగిన్‌లోనే ఉంటాడు. టాస్కుని ఆ వేళకి మార్చాను. దాంతో పాస్‌వర్డ్ దాచిపెట్టే అవసరం కూడా పోయింది. లాగిన్‌లో ఉన్నప్పుడే నడిస్తే చాలు. హయ్యెస్ట్ ప్రివిలేజెస్ టిక్కు తీసేశాను.

ఎఫ్ డ్రైవ్, తెలుగు పేర్లు

యూఎస్‌బీ డిస్కు కథ చిన్నది. అకౌంటెంటు పెన్‌డ్రైవ్ ముందు పెడితే దానికి ఎఫ్ వస్తుంది, మన డిస్కుకి జీ వస్తుంది. ఒక పాత జాబితాలో ఎఫ్ కింద జీఎస్టీ బిల్లులు, సినిమా పాటలు ఉన్నాయి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డిస్కుకి చివరి అక్షరాల్లో ఒకటి స్థిరంగా ఇచ్చే పద్ధతి ఉంది. కానీ వీళ్ల దగ్గర ఉన్నవి రెండు డిస్కులు. ఒకటి యజమాని ఇంట్లో ఉంటుంది, అప్పుడప్పుడూ మార్చుకుంటారు. ఏ డిస్కులో ఏముందో తెలియాలంటే అక్షరం పనికిరాదు. ప్రతి డిస్కు రూటులో (ఏ ఫోల్డర్‌లోకీ వెళ్లని మొదటి చోట) గుర్తు ఫైలు ఒకటి పెట్టి, దాంట్లో ఆ డిస్కు పేరు రాశాను. స్క్రిప్టు ఉన్న అక్షరాలన్నీ తిరిగి గుర్తు ఫైలు వెతుక్కుంటుంది. జాబితాలో అక్షరం బదులు డిస్కు పేరు వస్తుంది. డిస్కు మీద అదే పేరు మార్కర్‌తో రాసి టేపు అతికించాం.

యార్డు సూపర్‌వైజరు ఫోన్‌లోంచి పెట్టిన ఫోల్డర్లకు తెలుగు పేర్లున్నాయి. పాత జాబితాలో అవన్నీ ప్రశ్న గుర్తులే. కమాండ్ విండో మామూలుగా వాడే కోడ్ పేజీలో (అక్షరాల పట్టికలో) తెలుగు లిపి లేదు. అన్ని లిపులూ రాయగలిగే యూటీఎఫ్ 8 కోడ్ పేజీ 65001కి మార్చి తీస్తే టెక్స్ట్ ఫైలు బాగానే వచ్చింది గానీ, ఎక్సెల్‌లో తెరిస్తే పిచ్చి అక్షరాలు వచ్చాయి. ఫైలు మొదట్లో యూటీఎఫ్ 8 అని చెప్పే గుర్తు లేకపోతే ఎక్సెల్ అలాగే చేస్తుంది. బ్యాచ్ ఫైలుని వదిలి పవర్‌షెల్‌కి మారింది ఇక్కడే. విండోస్‌తో వచ్చే 5.1 వెర్షన్‌లో ఎక్సెల్‌లో తెరుచుకునే జాబితా ఫైలు రాసే ఎక్స్‌పోర్ట్ సీఎస్‌వీ కమాండుకి యూటీఎఫ్ 8 అని చెబితే ఆ గుర్తు తనే పెడుతుంది. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. బండిల్ నంబర్లు చదరపు బ్రాకెట్లలో పెట్టిన ఫోల్డర్లను మామూలు పాత్‌తో ఇస్తే పవర్‌షెల్ ఆ బ్రాకెట్లను వెతుకులాట గుర్తులుగా తీసుకుని దాటేస్తుంది. పేరును ఉన్నది ఉన్నట్టే తీసుకునే లిటరల్ పాత్ వాడాలి.

చివరికి నిలిచిన రూపం

స్క్రిప్టు ఇప్పుడు ఒక్కో డిస్కుకీ విడి జాబితా రాస్తుంది, తర్వాత అన్నీ కలుపుతుంది. డిస్కు తగిలించి లేకపోతే దాని పాత జాబితాను చెరపదు. అలాగే ఉంచి, చివరిసారి చూసిన తేదీ పక్క గడిలో వేస్తుంది. కలిపిన ఫైలు పైన నాలుగైదు వరసలు ఉంటాయి. ఈరోజు చూసిన డిస్కులు, చూడలేకపోయినవి, ఎందుకు చూడలేదో ఎర్రర్ మాటల్లోనే. విండోస్‌లో ఫైలు దారికి మామూలుగా ఉండే 260 అక్షరాల హద్దు దాటి చదవలేని దారులేమైనా ఉంటే అవి కూడా అక్కడే వస్తాయి.

నా దృష్టిలో మొత్తం కేసులో అసలు మార్పు ఈ పై వరసలే. మిగతావన్నీ లేకపోయినా, పాత స్క్రిప్టు "జెడ్ చూడలేదు" అని ఒక్క వరస రాసి ఉంటే క్లర్కు జెడ్ తెరిచి చూసేవాడు. డీ విషయంలో ఆ వరస కూడా రాదు, అక్కడ ఎర్రర్ లేదు కాబట్టి. దానికోసం వేరే పరీక్ష పెట్టాను. గుర్తు ఫైలు పేరు ఆ డిస్కు జాబితాలో కనపడాలి, కనపడకపోతే ఆ డిస్కుని చూడనట్టే లెక్క. స్క్రిప్టు తప్పు చోట నిలబడి ఎన్ని పేర్లు తెచ్చినా ఈ పరీక్ష దాటలేదు.

క్లర్కుకి చెప్పింది కూడా ఇంతే. నంబరు దొరక్కపోతే పై వరసలు చూడు. అన్నీ చూసినట్టుంటేనే లేదని చెప్పు. లేకపోతే "డిస్కు తెప్పించి సాయంత్రానికి చెప్తాం సార్" అను. ఏజెంట్లు దానికి ఒప్పుకుంటారు. లేదని చెప్పి మర్నాడు పంపితేనే వాళ్లకు అనుమానం వస్తుంది.

నేర్చుకున్నవి

ఇలాంటి స్క్రిప్టు ఎవరిదైనా చేతికొస్తే ఇప్పుడు నేను ముందు ఎర్రర్లు ఎటు పోతున్నాయో చూస్తాను, తర్వాత అది ఏ ఫోల్డర్‌లో మొదలవుతుందో చూస్తాను. కమాండ్లు చదవడం ఆ తర్వాతే. చేత్తో నడిపి బాగుందనుకుని టాస్కుకి అప్పగించను. టాస్కు చేతే, అది నిజంగా నడిచే వేళకే నడిపించి చూస్తాను. జాబితాలో పేర్లు ఎన్ని వచ్చాయన్నది లెక్కలోకి తీసుకోను. ఈ కేసులో జాబితా చెడిపోయిన తర్వాతే అన్నిటికన్నా పెద్దదిగా ఉంది.

మిగిలిపోయింది

బ్లాకు నంబర్లు రాసే పద్ధతి ఒకటి లేదు. ఒకే బ్లాకుని ఒకరు జీ 417 ఏ అని ఖాళీలతో, ఒకరు జీ417ఏ అని కలిపి, ఇంకొకరు 417 చిన్నది అని రాస్తారు. వెతికితే ఒకటి దొరికి రెండు తప్పించుకుంటాయి. స్క్రిప్టుతోనే అన్నీ ఒకటి చేయించమని యజమాని అడిగాడు. ఒప్పుకోలేదు. 417, 417 ఏ అనేవి ఒకే రాయిని రెండు ముక్కలు చేసినవి కావచ్చు, లేదా ఒకే ముక్కకి రెండు రాతలు కావచ్చు. అది యార్డులో రాయిని చూసిన మనిషికే తెలుస్తుంది. పాత ఫోల్డర్ల జోలికి పోలేదు. కొత్తవాటికి ఎలా రాయాలో ఒక కాగితం మీద రాసి సూపర్‌వైజరు బల్ల దగ్గర అంటించారు. ఆ పద్ధతికి సరిపోని పేర్లను స్క్రిప్టు వేరే పట్టీగా ఇస్తుంది, వారానికోసారి ఆయన దాన్ని చూసి పెన్నుతో దిద్ది క్లర్కుకి ఇస్తాడు.